మీ బ్యాండు పేరు ఇంకొకరూ వాడుతున్నారా? ట్రేడ్‌మార్కు వేసే ముందు, వేసేటప్పుడు

ముందు ఎవరు దరఖాస్తు వేస్తే పేరు వాళ్లదేనని మన బ్యాండు మేళాల వాళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మన దేశంలో పేరు మీద పెద్ద హక్కు ముందు నుంచి వాడుతున్నవాళ్లది. ఆ పేరుతో ముందు జనం మధ్య వాయించింది ఎవరు, ఆ పేరు చూసి బయానా ఇచ్చింది ఎవరికి, దానికి రుజువు ఏముంది? ఇవి తేలాకే ఫారం నింపే పని.

నేను పుట్టింది నరసన్నపేట దగ్గర, మెట్టింది విజయనగరం. మా ఇంటాయన క్లారినెట్ వాయిస్తారు. వాళ్ల బ్యాండు బుకింగులు, రసీదులు, లెక్కలు నేను చూస్తాను. మా పేరు రిజిస్ట్రేషన్ పని కూడా నేనే దగ్గరుండి నడిపించాను. అది తెలిసిన దగ్గర్నుంచి అటు పలాస, ఇటు కొత్తవలస దాకా పేరు తగాదా వచ్చినవాళ్లు ఫోను చేస్తూ ఉంటారు. "అప్పా, మా పేరు ఆల్లు పెట్టేసుకున్నారు, ఏటి చెయ్యమంటావు?" అని అడుగుతారు (అప్ప అంటే మా వైపు అక్క). వాళ్లకు ఫోనులో చెప్పేదంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. సొసైటీగా రిజిస్టరు చేయించుకున్నా, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్ తెచ్చుకున్నా, ఆ పేరుతో యూట్యూబ్ ఛానెల్ మీదే అయినా ట్రేడ్‌మార్కు వచ్చినట్టు కాదు. కాపీరైటు పాటకు ఉంటుంది గానీ పేరుకు ఉండదు. పేరుకు కావలసింది 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్. అది వస్తే దేశమంతా చెల్లుతుంది. అంటే మీకు పోటీ పక్క ఊరి మేళం ఒక్కటే కాదు, కొచ్చిలోనో కోల్‌కతాలోనో ఉన్న బృందం కూడా కావచ్చు.

వెతకడం

మీ పేరు "తూరుపు గాలి" అనుకుందాం. ట్రేడ్‌మార్కులు చూసే ప్రభుత్వ కార్యాలయం వాళ్ల ఐపీ ఇండియా వెబ్‌సైటులో పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, పైసా కట్టక్కర్లేదు. పేరు ఏ సరుకుకో, ఏ సేవకో దాన్నిబట్టి తరగతులు ఉంటాయి. వినోద కార్యక్రమాలు, కచేరీలు 41వ తరగతిలోకి వస్తాయి కాబట్టి మొదట అందులో వెతకండి. తర్వాత రికార్డింగుల కోసం 9లో, టీషర్టులు అమ్మే ఆలోచన ఉంటే 25లో కూడా చూడండి.

తెలుగు పేర్లకు ఇక్కడే చిక్కు. దరఖాస్తుల్లో పేరు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. తూరుపుకి టి తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, హెచ్ లేకుండా ఒకసారి, రెండు ఓలతో ఒకసారి, యు తో ఒకసారి కొట్టి చూడండి. గాలికి ఒక ఏ, రెండు ఏలు. రెండు మాటలు కలిపి, విడదీసి. ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా అక్కడే ఉంది, దాన్ని వదలొద్దు. చట్టం చూసేది అక్షరాలు ఒకటేనా అని కాదు. మామూలు మనిషి విని, చూసి ఇది ఆ మేళమే అని పొరబడతాడా అన్నదే చూస్తుంది. అందుకే ముందు "న్యూ" అనో "శ్రీ" అనో "ఒరిజినల్" అనో తగిలిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు పేర్లలోనూ జనానికి గుర్తుండే ముక్క ఒకటే అయితే పోలిక ఉన్నట్టే.

రిజిస్టరులో లేదంటే ఎవరూ వాడటం లేదని కాదు. మన వైపు మేళాల్లో చాలావాటి పేర్లు అక్కడ కనిపించవు. అందుకని రెండో వెతుకులాట బయట చేయాలి. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ సరే, అంతకన్నా బాగా తెలిసినవాళ్లు మైకుసెట్టు అద్దెకిచ్చేవాళ్లు, ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు, కల్యాణమండపం మేనేజర్లు. విజయనగరంలో దసరా అయ్యాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవానికి చుట్టుపక్కల బృందాలన్నీ ఊళ్లోకి దిగుతాయి. ఆ రోజు డ్రమ్ముల మీద పేర్లు చూసుకుంటూ నడిస్తే చాలు, మీ పేరు పెట్టుకున్నవాళ్లు ఉంటే కంటపడతారు. శ్రీకాకుళం వైపువాళ్లు రథసప్తమికి అరసవల్లిలో అలాగే చూసుకోవచ్చు.

దేవుడి పేరు, ఊరి పేరు, కళ పేరు

మన మేళాల్లో సగం పేర్లు అమ్మవారివో స్వామివో. భక్తితో పెట్టుకున్న పేరు, అందులో తప్పేమీ లేదు. కానీ పైడితల్లమ్మ పేరు నాకొక్కడికే కావాలంటే ట్రేడ్‌మార్కులు రిజిస్టరు చేసే కార్యాలయం, అంటే రిజిస్ట్రీ, ఒప్పుకోవడం కష్టం. అగరబత్తులకు "రామాయణ్" అన్న పేరు అడిగిన కేసులో పవిత్ర గ్రంథం పేరును సరుకులకు ఒక్కరి సొత్తు చేయలేమని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. నాగావళి, చంపావతి లాంటి నదుల పేర్లకు, ఊళ్ల పేర్లకు ఇంకో అడ్డం ఉంది. 9వ సెక్షను ప్రకారం ఊరిని, స్థలాన్ని సూచించే మాటను ఒకరికే కట్టబెట్టరు. "తప్పెటగుళ్లు", "జముకుల కథ", "బ్రాస్ బ్యాండ్" లాంటివి ఆ కళ చేసే వాళ్లందరివీ. "శ్రీకాకుళం తప్పెటగుళ్లు" అని ఒక్క బృందం రాయించుకుంటే మిగతా బృందాల నోరు కట్టేసినట్టే కదా. అది జరగకూడదు, చట్టం కూడా జరగనివ్వదు.

కాబట్టి ఇలాంటి పేరు మీద ఇద్దరు కొట్టుకుంటుంటే నేను చెప్పేది ఒకటే. ఆ మాట ఇద్దరూ ఉంచుకోండి, దానికి ఎవరి సొంత మాట వాళ్లు జోడించుకోండి. ఆ జోడింపే మీ ట్రేడ్‌మార్కు.

ముందు ఎవరు? రుజువు ఎక్కడ?

అసలు పని ఇదే. దీని మీద ఎంత సమయం పెడితే అంత మంచిది.

తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో ఒక మాట తేల్చింది: ముందు నుంచి వాడుతున్నవారి హక్కు రిజిస్ట్రేషన్ కన్నా పైమెట్టు. చట్టంలో 34వ సెక్షను కూడా ఇదే చెబుతుంది. ఎదుటివాళ్లు వాడటం మొదలుపెట్టిన తేదీ, వాళ్లు రిజిస్టరు చేయించుకున్న తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఆపకుండా వాడుతూ ఉంటే, రిజిస్ట్రేషన్ చూపించి మిమ్మల్ని ఆపలేరు. ఇది మీకు ఎంత బలమో ఎదుటివాళ్లకూ అంతే బలం.

రుజువు అంటే అందరూ ఫొటోలు పట్టుకొస్తారు. ఫొటోలో పేరు ఉంటుంది, తేదీ ఉండదు. మా దగ్గర ఒక పాత పెళ్లి ఫొటో ఉంది. అందులో బేస్ డ్రమ్ము మొహం మీద పెయింటరు ఎర్ర రంగుతో రాసిన మా పేరు, పక్కన గుర్రం మీద పెళ్లికొడుకు. ఆ ఒక్క ఫొటోతో ఏమీ తేలదు. ఆ పెళ్లివారి ఇంటికి వెళ్లి శుభలేఖ అడిగి తెచ్చాను. అందులో ముహూర్తం తేదీ ఉంది, పెళ్లికొడుకు పేరు ఉంది. ఆ రోజు అడ్వాన్సు పుచ్చుకున్న రసీదు మా పాత పుస్తకంలో కార్బన్ కాపీగా ఉంది. సిరా నీలంగా పాకిపోయింది గానీ మూల మీద తేదీ, కింద మా రబ్బరు స్టాంపు చదవడానికి వస్తున్నాయి. ఫొటో, శుభలేఖ, రసీదు మూడూ ఒక్కచోట పెడితే అప్పుడది సాక్ష్యం. ఇలా సంవత్సరానికి ఒకటో రెండో చొప్పున వరసగా చూపించగలగాలి. మధ్యలో అయిదారేళ్లు ఖాళీ ఉంటే "ఆపకుండా వాడాం" అన్న మాట నిలవదు.

మనవాళ్లు పారేసే వాటిలోనే గట్టివి ఉంటాయి. ఊరేగింపుకి, మైకుకి పోలీస్ స్టేషనులో తీసుకున్న అనుమతి కాగితం మీద బృందం పేరు, తేదీ, ముద్ర మూడూ ఉంటాయి. సంబరాల కమిటీ అచ్చు వేయించిన కరపత్రం, జిల్లా పేజీలో వచ్చిన వార్త, బ్యాంకు పాసుపుస్తకంలో కమిటీ నుంచి పడిన సొమ్ము, యూనిఫాం కుట్టించిన బిల్లు, యూట్యూబులో వీడియో ఎక్కించిన తేదీ, ఇవన్నీ పనికొస్తాయి. దయచేసి పాత రసీదు పుస్తకాలు కాగితాలవాడికి అమ్మకండి. మీ మేస్టారు ముప్పై ఏళ్లు ఊపిరి పోసి నిలబెట్టిన పేరుకి ఆ పుస్తకమే ఆధారం.

ఎదుటివాళ్లవి కూడా ఇంతే శ్రద్ధగా చూడండి. వాళ్ల ఫేస్‌బుక్ పేజీలో మొట్టమొదటి పోస్టు ఎప్పటిది, మొదటి వీడియో ఎప్పటిది, దరఖాస్తు ఉంటే అందులో వాడుక ఎప్పటి నుంచి అని రాసుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పెట్టుకోండి.

లెక్క తేలాక

మీరే ముందు, వాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు అనుకుంటే దారి సాఫీగానే ఉంది. దరఖాస్తు వేయండి, వాళ్లకు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. చాలాసార్లు కొత్త కుర్రాళ్లకు మీరున్న సంగతే తెలియదు. నేరుగా వకీలు నోటీసుతో మొదలుపెడితే తెగేదాకా పోతుంది. ఉత్తరంలో మీ పాత రుజువులు ఒకటి రెండు జతచేయండి. మాట వినకపోతే అప్పుడు నోటీసు, ఆ తర్వాత కోర్టు. రిజిస్ట్రేషన్ లేకపోయినా మీ మంచిపేరును ఇంకొకరు తమదిగా చూపించి బుకింగులు లాగేస్తుంటే పాసింగ్ ఆఫ్ కేసు వేసే హక్కు మీకుంది. 27వ సెక్షను దాన్ని కాపాడుతుంది.

మీరే ముందు, కానీ వాళ్లు రిజిస్టరు చేయించేసుకున్నారు అంటే, ఆ ఎంట్రీ తీసేయమని 57వ సెక్షను కింద రిజిస్ట్రీని గానీ హైకోర్టును గానీ అడగవచ్చు. దీనికి వకీలు తప్పనిసరి అనే నా అభిప్రాయం. ఆలస్యం మాత్రం చేయకండి. వాళ్లు రిజిస్టరైన పేరు వాడుతున్నారని తెలిసీ వరసగా అయిదేళ్లు ఊరుకుంటే, వాళ్లది దురుద్దేశమని చూపించగలిగితే తప్ప, తర్వాత అడ్డు చెప్పే దారి మూసుకుపోతుంది.

వాళ్లే ముందు అని తేలితే పేరు వదిలేయండి. ఇది చెప్పినప్పుడు అవతల ఫోనులో కోపం వినిపిస్తుంది. "ఆల్లకి కాగితాలు లేవు కదప్పా, మనం ముందు వేసేస్తే?" అంటారు. ఇంకొకరు వాడుతున్నారని తెలిసి వేసిన దరఖాస్తు దురుద్దేశం కిందకి వస్తుంది, రిజిస్ట్రారు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. రేపు రిజిస్ట్రేషన్ వచ్చినా అది నిలవదు. చట్టం సంగతి అలా ఉంచండి. ఏ సాయమూ లేని పల్లె మేళం ఒకటి పాతికేళ్లు తిరిగి సంపాదించిన పేరుని చెన్నై రిజిస్ట్రీలో ఒక ఫారం వేసి లాక్కోవడం దొంగతనం. అలాంటి దరఖాస్తుకు నేను ఎవరికీ సాయం చేయను.

అమెరికాలో ఇలాంటిదే జరిగింది. లేడీ యాంటిబెల్లం అనే పెద్ద బృందం 2020లో పేరును లేడీ ఏ అని కుదించుకుంది. ఆ పేరు మీద వాళ్లకు రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కానీ సియాటిల్‌లో అనితా వైట్ అనే బ్లూస్ గాయని అప్పటికే ఎన్నో ఏళ్లుగా అదే పేరుతో పాడుతున్నారు. మాటలు కుదరక ఇరువైపులా కేసులు వేసుకుని, చివరికి 2022లో రాజీ పడ్డారు. అంత డబ్బున్న బృందానికే కాగితం ఒక్కటీ సరిపోలేదు.

పేరు పూర్తిగా వదలలేకపోతే మార్చుకోవచ్చు. బ్లింక్ అనే అమెరికా బృందం, ఐర్లండులో అదే పేరుతో ఇంకో బృందం ఉందని తేలాక బ్లింక్-182 అయింది. ఇంగ్లండు వాళ్ల స్వేడ్ అమెరికాలో లండన్ స్వేడ్ అయింది. ఇవి ఎదుటివాళ్లు ఒప్పుకున్నప్పుడు, లేదా తేడా బాగా తెలిసేలా ఉన్నప్పుడు పనిచేస్తాయి.

ఇద్దరూ నిజాయితీగా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చాలా ఏళ్లు వాడారంటే 12వ సెక్షను ఉంది. అలాంటప్పుడు రిజిస్ట్రారు ఇద్దరికీ ఇవ్వవచ్చు, షరతులు పెట్టవచ్చు. అయితే అంతకన్నా ముందు ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకుంటే మంచిది. రాజాం వైపు ఒక బ్యాండుకీ బొబ్బిలి వైపు ఒక ఆర్కెస్ట్రాకీ అలా రాయించాం. బ్యాండువాళ్లు ఊరేగింపులకే ఆ పేరు వాడతారు, ఆర్కెస్ట్రావాళ్లు స్టేజీ కార్యక్రమాలకే. ఫ్లెక్సీ మీద పేరు ఎంత సైజులో ఉంటే ఊరి పేరూ అంతే సైజులో ఉండాలి. ఒకరికి రావలసిన ఫోను ఇంకొకరికి వస్తే నంబరు ఇచ్చి పంపాలి. మూడో మనిషికి ఆ పేరు ఇద్దరిలో ఎవరూ ఇవ్వకూడదు. ఒకరు దరఖాస్తు వేస్తే ఇంకొకరు అభ్యంతరం లేదని రాసివ్వాలి. రిజిస్ట్రీ దరఖాస్తును పరీక్షించే సమయంలో ఆ అంగీకార పత్రం బాగా పనికొస్తుంది. ఇప్పుడు ఒకరికి తేదీ కుదరకపోతే రెండోవాళ్లకు బుకింగు పంపుకుంటున్నారు కూడా.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్ చెన్నై కార్యాలయం కిందకి వస్తుంది. ఫారం పేరు టీఎం-ఏ. ఒక మనిషి పేరు మీద గానీ, ఉద్యం సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థ పేరు మీద గానీ ఆన్‌లైన్లో వేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, కాగితం మీద వేస్తే 5,000. ఆ సర్టిఫికెట్ లేని భాగస్వామ్య సంస్థకు ఆన్‌లైన్లో 9,000. మేళానికి 41వ తరగతి ఒక్కటీ చాలు. మిగతావి డబ్బు చూసుకుని తర్వాత వేసుకోవచ్చు. వకీలు ద్వారా వేస్తే టీఎం-48 అనే అధికార పత్రం మీద సంతకం చేయాలి.

పదం ఒక్కటే వేయాలా, లోగోతోనా అని అడుగుతారు. పేరు విలక్షణమైనదైతే పదమే వేయండి. అప్పుడు దాన్ని ఏ తీరు అక్షరాల్లో రాసినా మీదే. దేవుడి పేరో ఊరి పేరో ఉంటే లోగోతో వేయడం సులువు, కానీ అప్పుడు మీకు దక్కేది మొత్తం బొమ్మ మీద హక్కు. అందులోని విడి మాట మీద కాదు. తెలుగు లిపిలో వేస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఇవ్వాలి.

ఎప్పటి నుంచి వాడుతున్నారు అన్న గడి దగ్గర ఆగండి. కొందరు ఏజెంట్లు తొందరలో "వాడబోతున్నాం" అని టిక్కు పెట్టేస్తారు. పాతికేళ్లుగా వాయిస్తున్న బ్యాండు అలా రాస్తే, ఎదుటివాళ్లతో తగాదాలో తన బలాన్ని తానే వదులుకున్నట్టు. మీరు రుజువు చేయగల మొదటి తేదీ వేయండి, దానితోపాటు నోటరీ చేయించిన అఫిడవిట్, పైన చెప్పిన కాగితాలు జతచేయండి. తాతగారి కాలం నుంచి అని రుజువు లేని తేదీ వేస్తే మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది.

ఎవరి పేరు మీద వేయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మన దగ్గర పేరు తగాదాలు ఎక్కువగా పుట్టేది బయటివాళ్లతో కాదు, విడిపోయిన సొంతవాళ్లతో. కీబోర్డు వాయించే అతను బయటికి వెళ్లి అదే పేరుకి "న్యూ" తగిలిస్తాడు. మేస్టారు పోయాక కొడుకు ఒకవైపు, శిష్యులు ఒకవైపు నిలబడతారు. దరఖాస్తుకి ముందే భాగస్వామ్య పత్రం రాసుకోండి. పేరు ఎవరిది, ఒకరు వెళ్లిపోతే పేరు ఎవరి దగ్గర ఉంటుంది, మేస్టారి తర్వాత ఎవరికి అన్నవి అందులో ఉండాలి. అందరిదీ అయితే అందరి పేర్లతో ఉమ్మడిగా వేయవచ్చు. ఒక్కరి పేరు మీద వేసి "మన మధ్య మాటే కదా" అనుకుంటే, చట్టం దృష్టిలో అది ఆ ఒక్కరిదే.

దాఖలైన తర్వాత

దరఖాస్తు పడ్డ రోజు నుంచి పేరు పక్కన చిన్నగా టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ముందే వేయడం చట్టప్రకారం తప్పు. ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రాడికి ఈ మాట ముందే చెప్పండి.

రిజిస్ట్రీ దరఖాస్తును చూసి పంపే పరీక్ష నివేదికలో పోలిక ఉన్న పాత మార్కుల జాబితా వస్తే ఒక నెలలో జవాబు ఇవ్వాలి. తర్వాత అవసరమైతే వీడియోలో విచారణ ఉంటుంది. గుర్తుంచుకోండి, ఆ జాబితాలో వచ్చేవి రిజిస్ట్రీలో ఉన్న మార్కులే. మీ పేరు వాడుతున్న ఆ రెండో మేళం అందులో కనిపించలేదని ఊపిరి పీల్చుకోకండి. వాళ్ల వంతు తర్వాత వస్తుంది. ఆమోదించిన మార్కుల్ని సోమవారం సోమవారం వచ్చే ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రకటిస్తారు. అప్పటి నుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అలా నోటీసు వస్తే రెండు నెలల్లో మీ జవాబు దాఖలు కావాలి. లేకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. అదే జర్నల్‌లో మీ పేరులాంటిది వేరేవాళ్లది వస్తే వ్యతిరేకించే హక్కు మీకూ ఉంది. ఆన్‌లైన్లో దానికి రుసుము తరగతికి 2,700.

రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, తర్వాత పదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. వాడకుండా అయిదేళ్లకు పైగా వదిలేసిన మార్కుని తీసేయమని ఇతరులు అడగవచ్చు.

ఈ నోటీసులన్నీ దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిలుకే వస్తాయి. నెట్ సెంటరు కుర్రాడి ఈమెయిలు రాయించి వచ్చేసిన మేళాలు నాకు తెలుసు. అతను షాపు మూసేసి హైదరాబాదు వెళ్లిపోతే నెల గడువు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. మేళం పేరు మీద కొత్త ఈమెయిలు తెరిచి, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉంచి, వారానికోసారి దరఖాస్తు నంబరు కొట్టి స్థితి చూసుకోండి. అక్కడ "ఆబ్జెక్టెడ్" అని కనిపించిన రోజే వకీలుకి ఫోను చేయండి.